ఉత్తరాన భూమి ఉందట



పోయిన భాగంలో సుగ్గి గురించి రాశాను. అది చదివి మెసేజ్ పెట్టినవాళ్లలో చాలామంది విద్యార్థులు దాదాపు ఒకే మాట అడిగారు. ఏటా గుంటూరు దిక్కు మిరపకోతలకు పోయి ఇంకొకరి చేలో నడుములు పోగొట్టుకునే బదులు, పదిమంది కలిసి భూమి చవకగా దొరికే చోటికి పోయి, మన తిండి మనమే పండించుకుని బతకొచ్చు కదా అని. ఇద్దరు ముగ్గురు చోటు పేరు కూడా చెప్పారు. ఆదిలాబాద్. అక్కడ అడవి అంచున భూములు ఖాళీగా ఉన్నాయట. నీళ్లున్నాయట. మనుషులు తక్కువట. ఈ 'అట'లు ఎక్కడి నుంచి వస్తున్నాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఫోన్ తెరిస్తే చాలు, హైదరాబాదులో ఉద్యోగం వదిలేసి మట్టి ఇల్లు కట్టుకున్న ఒక జంట కనిపిస్తుంది. వెనక కొండ, ముందు ఆవుదూడ, అరుగు మీద కుండలో అంబలి. ఆ అంబలి తాగే పెరిగినవాళ్లకు కూడా ఆ వీడియోలో అది కొత్తగా కనబడుతుంది, అదీ తమాషా.

నేను ఆ కలను ఎగతాళి చేయడానికి రాయట్లేదు. భూమి కావాలనుకోవడం తప్పు కాదు. మనవాళ్లు అడిగిన మొదటి కోరికల్లో అదొకటి. కానీ ఆ కల మన దగ్గరికి ఏ తోవన వస్తోంది, వచ్చేటప్పుడు ఏం దాచిపెట్టుకుని వస్తోంది అనేది ఈ భాగంలో మాట్లాడుకుందాం.

సుగ్గి అంటే తెలియని మిత్రుల కోసం రెండు మాటలు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం, ఆదోని పల్లెల్లో కోతల కాలానికి వలసపోవడాన్ని సుగ్గికి పోవడం అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంట చేతికొచ్చే కాలం, ఒక పండుగ. మాది సరిహద్దు, మాటలు అటూ ఇటూ నడుస్తుంటాయి. మాట నది దాటి వచ్చింది గానీ దాంతో పండుగ రాలేదు. దీపావళి దాటాక లారీలు, బొలేరోలు వచ్చి ఊరి ముందర నిలబడతాయి. గిన్నెలు, గోనెసంచులు, మేకపిల్ల, బడికి పోవాల్సిన పిల్లలు, అందరూ ఎక్కుతారు. ఇండ్లకు తాళాలు పడతాయి. ముసలివాళ్లు మిగులుతారు. మళ్లీ ఉగాదికి తిరిగొస్తారు. 2011 జనాభా లెక్కల్లో కోసిగి మండలం అక్షరాస్యతలో రాష్ట్రంలోనే అట్టడుగున ఉన్న మండలాల్లో ఒకటి. ఎందుకని అడిగేవాళ్లు డిసెంబరులో వచ్చి ఇక్కడి బడి హాజరు పట్టీ చూడాలి. సీజనల్ హాస్టళ్లు పెట్టారు, మంచిదే. కానీ అన్నం పెట్టి పడుకోబెట్టినంత మాత్రాన అమ్మ లేని నాలుగు నెలలు పిల్లకు ఎట్లా గడుస్తాయో ఏ రిజిస్టరులోనూ ఉండదు.

కాబట్టి నేల మీద పని చేయడం మాకు కొత్తగా కనిపెట్టాల్సిన విద్య కాదు. విత్తనం, కలుపు, కోత, నూర్పిడి, అన్నీ వచ్చు. లేనిది పాసుబుక్కు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగవుతున్న భూమిలో ఎస్సీల చేతిలో ఉన్నది దాదాపు 9 శాతం. జనాభాలో మన వాటా 2011 లెక్కన 16.6 శాతం. ఆ 9 శాతంలో కూడా ఎక్కువ భాగం వాన పడితేనే పండే చెలకలు, గుట్టల పక్క రాళ్ల నేలలు.

'తిరిగి నేలకు' అనే ఈ ఆలోచనకు ప్రపంచమంతా పెద్ద పెద్ద గురువులున్నారు. వాళ్ల పుస్తకాలు నేనూ ఇష్టంగా చదివాను. చదివేటప్పుడు ఒక్క ప్రశ్న మాత్రం చేతిలో పట్టుకుని చదవమని నా విద్యార్థులకు చెబుతాను: ఆ భూమి ఎవరిది? 1845 జులై 4న హెన్రీ డేవిడ్ థోరో వాల్డెన్ చెరువు గట్టున సొంతంగా కట్టుకున్న గుడిసెలోకి మారాడు. రెండేళ్ల రెండు నెలలు అక్కడ చిక్కుడు పండించుకుని బతికాడు. గుడిసె ఆయనదే, చెమట ఆయనదే. భూమి ఆయన స్నేహితుడు ఎమర్సన్‌ది. ఇంకొకరు జపాన్ రైతు ఫుకువోకా. 'గడ్డిపరకతో విప్లవం' అని తెలుగులో కూడా వచ్చింది, మన దగ్గర ప్రకృతి సేద్యం చేసేవాళ్లకు అది గీత లాంటిది. ఆయన ఉద్యోగం వదిలి ఊరికొచ్చి, ఏమీ చేయని సేద్యం చేస్తానని మొదట చెట్లను వాటి మానాన వదిలేస్తే నాయన తోటలో చాలా చెట్లు చచ్చిపోయాయి. ఆయనే నిజాయితీగా రాసుకున్నాడు. నాయనకు తోట ఉంది కాబట్టి కొడుకు ఎండబెట్టి నేర్చుకున్నాడు. మా గేరిలో ఎవరి నాయనకు తోట ఉంది, ఒక తోట ఎండబెట్టి ఇంకొక తోటతో నేర్చుకోవడానికి?

తెలుగు సాహిత్యంలో కూడా ఇదే కథ. దువ్వూరి రామిరెడ్డి 'కృషీవలుడు' మొదలుకొని పల్లెను, నాగలిని, రైతును పొగిడిన కవిత్వం ఎంతో ఉంది. అందులో నాగలి పట్టినవాడు ఎప్పుడూ ఆ చేను యజమానే. కూలి మనిషి కనిపిస్తే దూరంగా పాట పాడుతూ కనిపిస్తుంది. దానికి ఎదురు నిలబడ్డ నాటకం బోయి భీమన్న 'పాలేరు'. అందులో పాలేరు కుర్రవాడు చేలోకి కాదు, బడిలోకి పోతాడు. అది చూసి పిల్లలను జీతం మాన్పించి బడికి పంపినవాళ్లు ఉన్నారని పెద్దవాళ్లు చెబుతారు. నేల మీద ప్రేమ లేక కాదు వాళ్లు అట్లా చేసింది. ఇంకొకరి నేల మీద బతుకు ఎట్లుంటుందో తెలిసి.

ఇప్పుడు 'ఉత్తరానికి పోయి భూమి మీద బతుకుదాం' అన్న దానికి వద్దాం. ఈ పని తెలుగువాళ్లు ఇంతకుముందే చేశారు, బాగా చేశారు. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కింద బోధన్, బాన్సువాడ, వర్ని దిక్కు కోస్తా జిల్లాల రైతులు పోయి స్థిరపడ్డారు. 1953లో తుంగభద్ర డ్యాం నీళ్లు పారడం మొదలయ్యాక గంగావతి, సింధనూరు, మాన్వి దిక్కు పోయారు. ఇవాళ్టికీ అక్కడి ఊళ్ల పేర్ల చివర 'క్యాంపు' అని ఉంటుంది. క్యాంపు అంటే గుడారం, నాలుగు రోజులుండి పోయేది. డెబ్భై ఏళ్లుగా ఉన్న మేడల ఊరిని కూడా క్యాంపు అనే పిలుస్తారు. కోసిగి నుంచి ఉత్తరాన నది దాటితే రాయచూరు జిల్లా, అంటే ఆ 'ఉత్తరం' మాకు కూతవేటు దూరం. మరి ఆ నీళ్ల కిందికి మా మాదిగగేరి వాళ్లు ఎందుకు పోయి రైతులు కాలేకపోయారు?

పోలేదని కాదు. పోయారు, నాట్లకు, పత్తి తీతకు. డెల్టాలో ఒక ఎకరం అమ్మితే అక్కడ పది ఎకరాలు కొనగలిగిన రోజులవి. అమ్మడానికి మొదటి ఎకరం ఉన్నవాడు రైతుగా పోయాడు, లేనివాడు కూలిగా పోయాడు. ఇద్దరూ ఒకే దిక్కుకే పోయారు. కష్టం ఇద్దరూ పడ్డారు, కాదనను. అడవి లాంటి నల్లరేగడిని సాపు చేసి మళ్లు కట్టడం మాటలు కాదు. కానీ ఒకరి కష్టం ఆస్తి అయింది, ఇంకొకరి కష్టం ఆ వారం సంతకు సరిపోయింది. వలస ఎవరినీ సమానం చేయదు. బయలుదేరేటప్పుడు చేతిలో ఏముందో దాన్నే పెంచుతుంది. ఇంకో మాట కూడా చెప్పాలి: అదే డ్యాం నుంచి వచ్చే ఎల్లెల్సీ కాలువ మా పడమటి కర్నూలులోకి కూడా వస్తుంది. పైన అందరూ తోడుకున్నాక చివరి ఆయకట్టుకు మిగిలేది ఏపాటిదో ఇక్కడి రైతునెవరినైనా అడగండి. నీళ్లు పైన ఆగిపోతే కిందివాళ్లు సుగ్గికి పోతారు. ఇది ప్రకృతి కాదు.

మళ్లీ ఆదిలాబాద్. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అక్కడ ఖాళీ భూమి లేదు. ఆ మాట ముందు మన బుర్రల్లోంచి తీసేయాలి. అది గోండుల, కొలాముల నేల. ఆ నేల కోసమే కుమ్రం భీమ్ 1940లో జోడేఘాట్‌లో చనిపోయాడు. ఆ తర్వాత కూడా బయటి నుంచి వచ్చినవాళ్లు వస్తూనే ఉన్నారు, అప్పు రూపంలో, కౌలు రూపంలో, పట్టా రూపంలో. అందుకే 1959 నాటి భూ బదలాయింపు నిబంధనను 1970లో గట్టి చేశారు. జనం నోట 1/70 అంటే అదే. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడు భూమి కొనడానికి లేదు. మనం దళితులమే కావచ్చు, ఆ చట్టం ముందు గిరిజనేతరులమే. అడవి భూమి సాగు చేసుకుని హక్కు అడుగుదామంటే 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. ఆదివాసీ కానివాళ్లు 2005 డిసెంబరు 13 నాటికి మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అక్కడే ఉండి ఆ అడవి మీదే బతికినట్టు చూపించాలి. రేపు పోయి చెట్టు కింద గుడిసె వేసుకున్నవాడికి అందులో ఏమీ లేదు, ఉండకూడదు కూడా. భూమి లేని దళితుడి ఆకలిని భూమి పోగొట్టుకుంటున్న ఆదివాసీ మీదికి తోలడం ఈ దేశంలో చాలామందికి అనుకూలమైన పని. మనం మన కాళ్లతో నడిచి ఆ పని చేసిపెట్టొద్దు. ఏజెన్సీ కాని మండలాల్లో కొనుక్కోవచ్చు కదా అంటారు. కొనుక్కోవచ్చు. కొనగలిగినవాళ్లు ఆదోనిలో కూడా కొనుక్కోవచ్చు.

ఇంకొక ఉత్తరం ఉంది, అప్పట్లో శ్రీకాకుళం జిల్లాలో ఉన్న వంగర మండలం లక్ష్మీపేట. మడ్డువలస రిజర్వాయరు కోసం ప్రభుత్వం సేకరించగా మునగకుండా మిగిలిన భూమిలో అక్కడి దళితులు సాగు చేసుకుంటున్నారు. ఎవరి దగ్గరా లాక్కున్నది కాదు, ప్రభుత్వ భూమి. 2012 జూన్ 12 తెల్లవారి ఊరి ఆధిపత్య కులం వాళ్లు మీద పడ్డారు. ఐదుగురిని చంపారు. ఆ ఐదుగురూ చేసిన నేరం నేల మీద బతకాలనుకోవడం. వీడియోలో మట్టి ఇల్లు కట్టుకున్న జంటకు ఊరివాళ్లు పెరుగు తెచ్చిస్తారు. మనం పోతే ఏం తెస్తారనేది ఇంటిపేరు అడిగాక తేలుతుంది.

'మరి అంబేడ్కర్ కూడా ఊరు వదిలిపెట్టమన్నాడు కదా మేడం' అని ఒక తమ్ముడు రాశాడు. నిజమే, ఈ మాట దగ్గర కొంచెం ఆగాలి. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ఆయన గ్రామం గురించి అన్న మాటలు మనందరికీ తెలిసినవే, ఊరిని ఆరాధించేవాళ్లకు ఇప్పటికీ మింగుడుపడనివి. అంతకుముందు 1942 జులైలో నాగపూర్ సభ దళితులకు ప్రత్యేక గ్రామాలు కావాలని తీర్మానం చేసింది. 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో ఆయన దానికి రూపం ఇచ్చాడు. ప్రభుత్వ బంజర్లను మన పేరిట పెట్టుకుని కొత్త ఊళ్లు కట్టించే ఒక సెటిల్‌మెంట్ కమిషన్. ఇంకా పెద్ద మాట, వ్యవసాయ భూమంతా రాజ్యానిదై, ఊరివాళ్లు కులం తేడా లేకుండా కలిసి సాగు చేయాలి, భూస్వామీ ఉండకూడదు, కౌలుదారూ ఉండకూడదు, కూలీ ఉండకూడదు. అంటే ఆయన పొమ్మన్నాడు. కానీ సంచి భుజాన వేసుకుని ఎవరికి వాళ్లు పొమ్మనలేదు. చట్టం, కమిషను, ప్రభుత్వ డబ్బు, వేలమంది కలిసి, అట్లా పొమ్మన్నాడు. ఆయన పోయాక దాదాసాహెబ్ గైక్వాడ్ 1959లో, మళ్లీ 1964లో భూమి సత్యాగ్రహాలు నడిపి జనాన్ని జైళ్లకు నడిపించింది కూడా ఆ తోవలోనే. ఒంటరిగా పోవడం ఆ తోవ కాదు.

అమెరికా నల్లవాళ్ల కథ చూడండి. 1865 జనవరిలో జనరల్ షెర్మన్ ఉత్తర్వుతో కుటుంబానికి 40 ఎకరాల దాకా ఇస్తామన్నారు. ఆ ఏడే అధ్యక్షుడు జాన్సన్ వెనక్కి తీసుకుని పాత యజమానులకే ఇప్పించాడు. దక్షిణాన బతకలేక 1879లో వేలమంది కాన్సాస్‌కు బయలుదేరారు. చేతిలో బైబిలు, మనసులో మోషే కథ, అందుకే వాళ్లను ఎక్సోడస్టర్లు అన్నారు. అంతకు రెండేళ్ల ముందే 1877లో నికొడెమస్ అనే నల్లవాళ్ల ఊరు అక్కడ పుట్టింది. వాళ్లు పోయింది పచ్చని కొండల అందం కోసం కాదు, కొరడా, తుపాకీ, తీరని అప్పు తప్పించుకోవడానికి. వాళ్లను నేను నిండు మనసుతో గౌరవిస్తాను. అయినా ఒక మాట గుర్తుంచుకోవాలి. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాల చొప్పున పంచిన ఆ 'ఖాళీ' నేల అంతా మూలవాసుల దగ్గర గుంజుకున్నదే.

ఇదంతా రాయడానికి అసలు కారణం ఒక అమ్మాయి. నా దగ్గర డిగ్రీ చివరి ఏడాది చదువుతోంది, సుగ్గి కుటుంబం. "నేను మిరపకాయలు తెంచుకుంటానే ఇంటరు పాసైన మేడం" అంటుంది, గొప్పగా కాదు, మామూలుగా. పీజీ ఎంట్రెన్స్ ఫీజు కట్టాల్సిన వారంలో వచ్చి, ఉత్తర తెలంగాణలో ఒక బృందం సేద్యం చేస్తోందని, అక్కడికి పోతానని చెప్పింది. "సుగ్గికి పోతే పైసలొస్తాయి, బడి పోతాది. ఆడికి పోతే పైసలు రావు గానీ తిండి మనదే కదా మేడం. మా అమ్మ బతుకంతా ఇంకొకరి చేనే. నాకొక చేను అనిపించేది యాడైనా ఉండాల కదా." ఈ మాటకు థోరోతో, అంబేడ్కర్‌తో జవాబు చెప్పబుద్ధి కాలేదు. వాళ్లను మూడు సంగతులు అడుగు అన్నాను. భూమి ఎవరి పేరున ఉంది, పండిన దాంట్లో నీ వాటా ఎంత, వెళ్లిపోతానంటే ఏమిస్తారు. నాలుగోది ఆ అమ్మాయే చేర్చింది, వంట ఎవరు చేస్తారు అని. నాకు తట్టలేదు అది!

జవాబులు వచ్చాయి. భూమి మొదలుపెట్టినాయన భార్య పేరున ఉంది, 'సౌకర్యం కోసం'. వాటాలు అంటూ ఏమీ లేవు, అందరిదీ. వెళ్లేవాళ్లు ఎప్పుడైనా వెళ్లొచ్చు, ఏమీ ఇవ్వరు. వంట 'ప్రస్తుతానికి' అమ్మాయిలు చూసుకుంటున్నారు. వాళ్లు చెడ్డవాళ్లని నేను అనను. మోసం చేసే ఉద్దేశం కూడా ఉండకపోవచ్చు. కానీ తిండి, బట్ట ఇచ్చి ఏడాదంతా చేలో పని చేయించుకోవడానికి మా దిక్కు పాత పేరు ఒకటుంది. జీతం ఉండడం. మా తాతల కాలం మాట. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది కూడా అటువంటి బతుకులు చూసే. దానికి ఇప్పుడు ఇంగ్లీషులో వాలంటీర్ అని పేరు పెడితే, డబ్బున్న ఇంటి పిల్లకు అది ఒక ఏడాది అనుభవం అవుతుంది. మన పిల్లకు అది మూడో తరం జీతం అవుతుంది.

అంటే నేల వద్దా? కావాలి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చూసి రండి. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి అక్కడి ఊళ్లలో దళిత స్త్రీలు సంఘాలు కట్టారు. వాళ్లు ఏ అడవికీ పోలేదు. సర్కారు ఎప్పుడో పేదలకు ఇచ్చి వదిలేసిన బీళ్లను, ఎవరికీ అక్కరలేని రాళ్ల నేలలను బాగు చేసుకున్నారు. జొన్న, కొర్ర, సామ, కంది కలిపి విత్తారు. ముందు ఇంటికి, తర్వాత సంఘం గరిసెకు, మిగిలితే అంగడికి. విత్తనం వాళ్ల కుండల్లోనే ఉంటుంది. 2008లో సొంత రేడియో పెట్టుకున్నారు, 2019లో ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. అవార్డు సంగతి పక్కన పెట్టండి. ఒకప్పుడు గింజల కోసం పటేళ్ల గడప ముందు నిలబడిన ఆడవాళ్లు ఇవాళ విత్తనం అప్పిస్తున్నారు. ఆ వీడియోల్లోని జంట మాట్లాడే మిశ్రమ పంటలు, ఎరువు లేని సేద్యం అన్నీ వీళ్లు నలభై ఏళ్లుగా చేస్తున్నవే. కాకపోతే వాళ్ల పేర్లు ఇంత వైరల్ కాలేదు. ఎందుకో మీకు వేరే చెప్పాలా?

అక్కడ పని చేసినవి మూడు: కాగితం మీద తమ పేరు, పక్కన ఇరవై ముప్పై మంది తమలాంటివాళ్లు, మొదటి రెండు మూడేళ్లు ఆదుకునే గింజల నిధి. వీటిలో ఒక్కటైనా లేని చోటికి మన పిల్లలు పోతామంటే నేను అడ్డం నిలబడతాను, మేడం చాదస్తం అనుకున్నా సరే. ప్రభుత్వాల మాటకొస్తే, తెలంగాణలో 2014 ఆగస్టు 15న భూమి లేని దళిత స్త్రీలకు మూడెకరాలు అని మొదలుపెట్టారు. అది కొన్ని వేల కుటుంబాల దగ్గరే ఆగిపోయింది. ఇక్కడ మనకు 1977 అసైన్డ్ భూముల చట్టం ఉంది. ఇచ్చిన భూమిని ఎవరూ కొనకూడదని చెప్పే చట్టం. 2023లో దాన్ని సవరించి, ఇచ్చి ఇరవై ఏళ్లు దాటిన భూములపై అసలు లబ్ధిదారులకు పూర్తి హక్కు అన్నారు. ప్రభుత్వం మారాక విచారణల పేరుతో రిజిస్ట్రేషన్లు ఆగాయి. ఆ సవరణ మనకు మేలా కీడా అన్నది రెండు పేరాల్లో తేలేది కాదు. అమ్ముకునే హక్కు వచ్చిన రోజున అందరికంటే ముందు గడపలోకి వచ్చేది కొనేవాడే.

ఆ అమ్మాయి ఫీజు కట్టింది. చేను ఆలోచన మాత్రం మానలేదు, మానమని నేనూ అనలేదు. ఇంట్లో అడిగితే వాళ్ల తాతకు ఎప్పుడో డీకేటీ పట్టా ఇచ్చారని, భూమి ఎక్కడుందో ఎవరికీ సరిగా తెలియదని తేలింది. ఇప్పుడు దాన్నే వెతుకుతోంది.

కాబట్టి ఉగాదికి మీ ఇండ్ల తాళాలు తీసినప్పుడు ఒక పని చేయండి. అవ్వ ట్రంకుపెట్టెలో అడుగున ఉన్న కాగితాలు బయటికి తీయండి. డీకేటీ పట్టా, పాత శిస్తు రసీదు, సగం చిరిగిన పాసుబుక్కు, ఏది దొరికినా ఫోటో తీసుకోండి. సర్వే నంబరు ఉంటే మీభూమిలో అడంగల్, 1బి చూసి అక్కడ ఇప్పుడు ఎవరి పేరుందో రాసిపెట్టుకోండి. ఫోటోలు ఇక్కడ బహిరంగంగా పెట్టొద్దు, పేర్లు, నంబర్లు ఎవరెవరు చూస్తారో తెలియదు. వచ్చే భాగం ఆ పట్టాల మీదే రాస్తాను. తాసిల్దారు ఆఫీసులో ఏ కాగితం అడగాలి, ఏ మాట రాతపూర్వకంగా తీసుకోవాలి అనే దగ్గర మొదలుపెడతాను.